అమెరికా పొయ్యికి తలంటు

గల్ఫ్ యుద్ధం రోజుల్లో సౌదీలోని రాస్ తనూరా మీద మిసైళ్ళు పడతాయని అందరూ వణికిపోయారు. మా క్యాంపు మీద ఒక్కటి కూడా పడలేదు. ఆ లోటు నాలుగేళ్ళ తరువాత నేను తీర్చాను. ఒక నీళ్ళ పైపు, అర డబ్బా సబ్బు పొడి, మూడు చుట్టల టేపు, ఇవే నా ఆయుధాలు. వీటితో ఒక అమెరికా ఇంజనీరు ప్రాణంలా చూసుకునే పొయ్యిని, నలభై మంది నోటి దగ్గరి కోడి తొడలను, చేతికందబోతున్న నా ఫోర్‌మన్ పదవిని ఒక్క దెబ్బకు నేలమట్టం చేశాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. చివరికొచ్చేసరికి నన్ను చూసి కాస్త గర్వపడాల్సి వస్తుంది, అప్పుడు నవ్వుతూ ఉంటే బాగుండదు.

నా పేరు లింగయ్య. ఊరు కోరుట్ల పక్కన. పని డక్టింగ్. పెద్ద భవనాల్లో ఏసీ చల్లగాలి గదిగదికీ పోవడానికి రేకుతో చేసిన నలుచదరపు గొట్టాలు ఉంటాయి చూడండి, అవి చేసేవాణ్ణి. రేకు కొలవడం, కోయడం, మడవడం, అంచుకు అంచు కలిపి బిగించడం మా విద్య. గొప్ప కాదుగానీ, నేను బిగించిన అంచులోంచి గాలి బయటికి పోవాలంటే దానికి కూడా ఎగ్జిట్ వీసా కావాలి.

అందుకే యుద్ధం వచ్చినప్పుడు కంపెనీ వాళ్ళకు నేను గుర్తొచ్చాను. విషవాయువు వదులుతారని పుకారు. ప్రతి బ్యారక్‌లో ఒక గదికి కిటికీలూ తలుపులూ ప్లాస్టిక్ వేసి మూసేయమని టేపు చుట్టలు ఇచ్చారు. నేను మూశాను. ఎలా మూశాను? ఒకరోజు పగటిపూట డ్రిల్లు పెట్టి పన్నెండు మందిని ఒక గదిలో కూర్చోబెట్టాం. అరగంటకల్లా ఒకాయన టేపు చించుకుని బయటికి ఉరికాడు.

"ఏమైందే?" అన్నాను.

"ఊపిరాడ్తలేదన్నా!"

"ఊపిరాడ్తలేదంటె సీలింగ్ మంచిగున్నట్టే గదా! లోపటికి నడు!"

విషవాయువు అసలు రానే రాలేదు. నా టేపు చూసి జంకిందని నా అభిప్రాయం, ఇప్పటికీ మార్చుకోలేదు. యుద్ధం ముగిశాక కువైట్ చమురు బావులు తగలబడుతుంటే ఆ పొగకు మా మీద మసివాన కురిసింది. అప్పుడు కూడా బయట ఉన్న మోటార్లకు, పెట్టెలకు తొడుగులు వేసింది నేనే. క్యాంపులో నా పేరు లింగయ్య పోయి 'సీలింగ్ మాస్టర్' అయింది. మనిషికి బిరుదు వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మొదట నడక మారుతుంది, తరువాత వినికిడి తగ్గుతుంది.

ఇక వాల్టర్ సార్ సంగతి. మా మెయింటెనెన్స్ సెక్షన్‌కు పెద్ద ఇంజనీరు. ఆరున్నర అడుగుల మనిషి, పిల్లి నడిచినంత మెత్తటి మాట. సముద్రం ఒడ్డున అమెరికన్ల క్యాంపులో ఇల్లు. ఆయనకూ నాకూ మధ్య మస్తాన్ భాయ్ ఉండేవాడు. మస్తాన్‌ది కడప. సెక్షన్ పికప్ నడుపుతాడు. పదేళ్ళు అమెరికన్లను తిప్పి తిప్పి ఇంగ్లీషు పట్టేశాడు. సార్ ఇంగ్లీషుకూ నా తెలుగుకూ మధ్య వంతెన అతనే. ఆ వంతెన మీద నడిచేటప్పుడు అప్పుడప్పుడు ఒకటి రెండు మాటలు కాలు జారి సముద్రంలో పడేవనుకోండి, అది వేరే సంగతి.

ఆ చలికాలం మొదట్లో సార్ ఇంటి వెనక పెరట్లోకి ఓడలో ఒక పెట్టె వచ్చింది. అందులో పొయ్యి. పొయ్యి అంటే మూడు రాళ్ళు పెట్టి ఊదే రకం కాదు. నల్లటి పీపాను అడ్డంగా పడుకోబెట్టి కాళ్ళు పెట్టినట్టుంది. పక్కన ఒక డబ్బా. ఆ డబ్బా నిండా గుళికలు. ఒకటి తీసి వాసన చూసి, కొరికి కూడా చూశాను.

"భాయ్, ఇది మా బర్రెకు వెట్టే దాణ లెక్కనే ఉన్నది."

"ఉమ్మెయ్ లింగన్నా, ఉమ్మెయ్! కట్టెపొడిని ఒత్తి చేసిన గుళికలంట అవి. కరెంటు పెడితే లోపల మర ఒకటి తిరిగి, గుళికల్ని కొద్దికొద్దిగా మంట కాడికి నెడతాదంట. అడుగున ఫ్యాను ఊదుతాదంట. మనం ఊదే పనే లేదు."

నిజమే. డబ్బా అడుగున పిండిమర స్క్రూ లాంటిది ఉంది. అది నెమ్మదిగా తిరుగుతూ ఒక్కో గుళికను ముంతంత గిన్నెలోకి తోస్తుంది. అక్కడ ఎర్రగా కాలే కడ్డీ దాన్ని అంటిస్తుంది. సార్ ఆ రోజు మా ఇద్దరికీ చెరో కోడి తొడ పెట్టాడు. లోపలి దాకా పొగ వాసన పట్టిన మాంసం. మస్తాన్ ఎముకను కూడా వదల్లేదు. ఆ పొయ్యికి అప్పుడే నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఇక్కడే కథ ముడిపడింది. ఆ నెలలోనే రిఫైనరీలో పెద్ద మరమ్మతు పని ఒక్కరికి కూడా దెబ్బ తగలకుండా ముగించాం. సార్ సంతోషపడి, సెలవుకు ఊరెళ్ళి రాగానే మా నలభై మందికీ తన పొయ్యి మీద స్వయంగా వండి పెడతానన్నాడు. ఇంజనీరు వండితే కూలీలు తినడం! ఆ మాట బ్యారక్‌లలో పెళ్ళి కబురులా పాకింది. మా రేకు షాపు ఫోర్‌మన్ కూడా అప్పుడే పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ స్థానానికి ఎవరు అని చర్చ. సార్ సంతకం ఎవరికి పడితే వాళ్ళే. సార్ చూపు నా మీద ఉందని మస్తాన్ చెవిలో చెప్పాడు. ఇంకేం, నాకు అప్పటికే ఫోర్‌మన్ దగ్గు కూడా వచ్చేసింది.

బయలుదేరే ముందు రోజు సార్ నన్ను పెరట్లోకి పిలిచాడు. పసిపిల్లకు అన్నం కలిపినట్టు ఇంగ్లీషును మెత్తగా పిసికి, "లింగయ్యా, రెయిన్ నో గుడ్. వెట్ నో గుడ్," అన్నాడు. తరువాత మస్తాన్ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడి, ఒక గోధుమరంగు టార్పాలిన్ పట్టా నా చేతిలో పెట్టాడు.

"ఏమంటున్నడు?" అన్నాను.

"వాన వచ్చేటట్టుంటే ఈ పట్టా కప్పల్లంట. వాన నిలిస్తే తీసెయ్యల్లంట. ఎప్పుడూ మూసి పెడితే కుదరదంట. దానికి ఊపిరాడల్లంట, లింగన్నా."

"ఊపిరా? ఇనుప డబ్బకు ముక్కెక్కడున్నది భాయ్?"

"నాకేం తెల్సు? ఆయప్ప చెప్పినాడు, నేను చెప్తాండా."

"బర్రెకు ఊపిరాడాలె. మనిషికి ఊపిరాడాలె. పొయ్యికెందుకు? దీనికి పనే పొగ తాగుడు!"

సార్ మా ఇద్దరి మొహాలూ చూసి, నేనేమన్నానని అడిగాడు. మస్తాన్ ఒక్క క్షణం ఆలోచించి, "నో ప్రాబ్లమ్ అంటున్నాడు సార్," అన్నాడు. నేను మీసం మీద చెయ్యి వేసి చెప్పాను: "సార్, లింగయ్య సీలింగ్. వన్ డ్రాప్ నో కమింగ్." సార్ నా భుజం తట్టి విమానం ఎక్కాడు.

మరునాడు సాయంత్రం డ్యూటీ దిగాక మేమిద్దరం పెరట్లోకి వెళ్ళాం. పట్టా విప్పి చూశాను. గాలికి నాలుగు మూలలా ఎగిరే లుంగీలా ఉంది. వాన వచ్చినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి కప్పడం, పోయినప్పుడల్లా వచ్చి తీయడం, ఇది సీలింగ్ మాస్టర్ చేసే పనేనా? ఒక్కసారి చేస్తే నెల రోజులు తిరిగి చూడకూడదు. పట్టాను మడిచి పక్కన పడేశాను.

అయితే పొయ్యి లోపల చూస్తే కొవ్వు, బూడిద, నల్లటి జిడ్డు. మురికి గిన్నెను మూటకట్టి దాచే వంశం కాదు మాది. పైపు తెచ్చి నల్లా తిప్పాను.

"ఓ అప్పా! నీళ్ళు తగలకూడదన్నాడు గదా!" మస్తాన్ అడ్డం వచ్చాడు.

"వాన నీళ్ళు తగలద్దన్నడు భాయ్. ఇవి నల్లా నీళ్ళు."

మస్తాన్ తల గోక్కుంటూ పక్కకు జరిగాడు. ఆ మాటకు మీ దగ్గర మాత్రం సమాధానం ఉందా?

సబ్బు పొడి చల్లి, కొబ్బరి పీచుతో తోమి, పైపు పెట్టి లోపలా బయటా, పైనా కిందా, సందూ గొందీ వదలకుండా కడిగాను. దీపావళి తలంటు కూడా అంత శ్రద్ధగా జరగదు. మస్తాన్ మళ్ళీ గొణిగాడు.

"ఆ పక్క డబ్బాలో గుళికలు అట్లనే ఉండాయి గదప్పా?"

"ఉండనీ. మూత వెట్టి కడిగిన. నాలుగు చుక్కలు వోతె ఏమైతది, మునుగుతయా?"

గుడ్డతో పైపైన తుడిచి సీలింగ్ మొదలుపెట్టాను. అడుగున ప్లాస్టిక్, చుట్టూ ప్లాస్టిక్, పైన ప్లాస్టిక్, మళ్ళీ వాటన్నిటి మీదా ఇంకో చుట్టు. అతుకు అతుకుకూ టేపు, టేపు మీద టేపు. అక్కడి నుంచి విమానంలో పోయే మక్కా జమ్‌జమ్ నీళ్ళ డబ్బాకు కూడా అంత చుట్టు పడదు. పని అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. నిజం చెబుతున్నాను, ఒక్క ముడత లేదు. ఇప్పటికీ ఆ పనితనం తలుచుకుంటే ఛాతీ కాస్త ఉబ్బుతుంది. తప్పు పనే కావచ్చు, కానీ తప్పు పనిని అంత నిఖార్సుగా చేసినవాణ్ణి చూపించండి.

వానలు వచ్చాయి. మన ఊరి ముసురు కాదు, అక్కడి వానకు ముహూర్తం ఉండదు. ఆకాశం ఉన్నట్టుండి ఒక బిందె బోర్లించి వెళ్ళిపోతుంది. వాన పడిన ప్రతిసారీ నేను గొడుగు వేసుకుని సార్ పెరట్లో నిలబడి, నా ప్లాస్టిక్ మీద నుంచి నీళ్ళు జారిపోవడం చూసి మురిసిపోయేవాణ్ణి. బ్యారక్ నుంచి ఇద్దరు ముగ్గురిని పిలుచుకెళ్ళి చూపించాను కూడా.

రెండో వారం మస్తాన్ ప్లాస్టిక్‌కు ముక్కు ఆనించి చూశాడు.

"లింగన్నా, లోపల చెమట పడతాండాది."

"లోపట గాదు భాయ్, బైట. వాన చుక్కలు."

అతను చొక్కా అంచుతో తుడిచాడు. "తుడిచినా పోలేదప్పా."

"గట్టిగ తుడువు."

మూడో వారం అతనే మళ్ళీ అన్నాడు: "ఆ పక్క డబ్బా ఉబ్బినట్టుంది. మూత పైకి లేచినాది చూడు."

"చలికాలం గదా. ఎవలైనా జెర లావెక్కుతరు."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు. నాకైతే అప్పటికి కొండనాలుక ఎక్కడుందో, అసలు నాలుక ఎక్కడుందో కూడా తెలియదు. మందు మాత్రం మూడు పొరలు వేసి కూర్చున్నాను.

బుధవారం సాయంత్రం సార్ దిగాడు. అక్కడ గురు, శుక్రవారాలు సెలవు, గురువారం మధ్యాహ్నం విందు. పొద్దున ఎనిమిదింటికి సార్, మస్తాన్, నేను పెరట్లో చేరాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఫోర్‌మన్ కాబోయేవాడు బనీను మీద కనిపిస్తే బాగుండదు కదా. ప్లాస్టిక్ చుట్టు చూసి సార్ కనుబొమలు పైకి వెళ్ళాయి. ఆశ్చర్యమనుకున్నాను. ఆశ్చర్యమే.

"ఓపెనింగ్, సార్!" అని జేబులోంచి చాకు తీసి, మంత్రి రిబ్బన్ కత్తిరించినట్టు టేపు కోశాను.

మొదట వాసన వచ్చింది. మూడు రోజులు పులిసిన కల్లు, తడి గోనెసంచి, ముసలి ఎలుక, ఈ ముగ్గురూ ఒకే మంచం మీద పడుకుంటే వచ్చే వాసన. మూత ఎత్తితే జాలీ మీద తెల్లటి బూజు, చలికి దుప్పటి కప్పుకున్నట్టు మెత్తగా పరుచుకుని ఉంది. నిగనిగలాడేలా తోమి దాచిన చోటల్లా ఎర్రగా తుప్పు. పక్క డబ్బా మూత తెరవక్కర్లేదు, అదే తెరుచుకుని ఉంది. నాలుగు చుక్కలు తాగిన గుళికలు నెల రోజులు ఆవిరిలో ఉడికి, ఉబ్బి, విచ్చి, జొన్న సంకటి అయి, ఆ సంకటి మళ్ళీ గట్టిపడి సిమెంటు అయింది.

సార్ నోరు తెరిచేలోపల నాకు ఒక ఆలోచన వచ్చింది. అలాంటి సమయాల్లో ఆలోచనలు రాకుండా దేవుడు ఏర్పాటు చేసి ఉండాల్సింది.

"నో ప్రాబ్లమ్ సార్! కరెంట్ గివింగ్, ఆల్ డ్రై!" అని స్విచ్చి వేశాను.

"నో!" అన్నాడు సార్. ఆయన గట్టిగా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

లోపల స్క్రూ ఒకసారి మూలిగింది. ఇంకోసారి మూలిగింది. తరువాత వేలు విరిగినట్టు 'టక్' మంది. మోటారు ఆగింది. ఫ్యాను మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. బూజు, తుప్పు, రంపపు పొట్టు కలిసి బుస్సున లేచి వంగి చూస్తున్న సార్ మొహం మీద, తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆయన కనుబొమల నుంచి మీసం దాకా దోశ పిండి రుబ్బిన రోలులా అయ్యాడు.

సార్ కళ్ళద్దాలు తీశాడు. ఆ రెండు గుండ్రటి చోట్ల మాత్రం మనిషి మిగిలాడు.

"లింగయ్యా," అన్నాడు నెమ్మదిగా, "యూ వాష్?"

"యెస్ సార్! సబ్బుతో సార్!"

"ఇన్‌సైడ్?"

"ఫుల్ ఇన్‌సైడ్ సార్!"

మస్తాన్ పక్కకు తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. సార్ తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల మీద కూర్చుని, ఒక ఉబ్బిన గుళికను రెండు వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయాడు. లోపల సార్ భార్య, మేడమ్, రాత్రే మసాలా పట్టించిన కోడి తొడలు గంగాళాల్లో ఎదురుచూస్తున్నాయి. పన్నెండున్నరకు నలభై మంది వస్తారు. వాళ్ళలో కొందరు పొద్దున టిఫిను కూడా మానేశారని నాకు తెలుసు. వాళ్ళు బ్యారక్‌లో నన్ను ఏం చేస్తారో కూడా తెలుసు. ఫోర్‌మన్ సంగతి సరే, అసలు రేపటి నుంచి ఎవరి పక్కన కూర్చుని తినగలను?

అప్పుడు నాలో ఒకటి లేచింది. భయం అనుకున్నాను గానీ, అది కాదు. ఇరవై ఏళ్ళుగా రేకు మడిచిన చేతుల్లో ఉండే పొగరు అది.

"భాయ్, సార్‌కు చెప్పు. మూడు గంటలు ఇయ్యమను. షాపు తెరిపియ్యమను. పొయ్యి నేను చేస్త."

మస్తాన్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మళ్ళా ఏం కడుగుతావప్పా?"

"కడగ. ఒట్టు. చెప్పు."

చెప్పాడు. సార్ లేచి, లోపలికి వెళ్ళి షాపు కాపలా మనిషికి ఫోను చేశాడు.

షాపులో మస్తాన్ ముందుగా తళతళలాడే రేకు మీద చెయ్యి వేశాడు.

"ఇది బాగుంది గదా లింగన్నా, అద్దం మాదిరి ఉంది."

"దాన్ని ముట్టకు. జింకు పూత అది. మంట తగిల్తె విషపు పొగ వస్తది. తిన్నోళ్ళు సీదా ఆస్పత్రికే. ఆ మూలకున్న నల్ల రేకు తియ్యి, హోటళ్ళ వంటింటి పొగగొట్టాలకు వాడేది."

ఇక చూడండి. ఇక్కడి నుంచి నేను నవ్వించను, ఎందుకంటే ఇక్కడ నవ్వడానికి ఏమీ లేదు. ఎనిమిది అడుగుల రేకు కొలిచాను. గీత గీశాను. రెండు పక్కలా మడిచాను, మూలలు కలిపి రివెట్లు కొట్టాను. ఇనుప యాంగిల్స్ కోసి ఆరు కాళ్ళు వెల్డింగ్ చేశాను. పైన స్టీలు జాలీ బిగించాను. అడుగున వరసగా ముప్పై రెండు కన్నాలు పొడిచాను. నిప్పుకు గాలి ఆడాలి మరి. పదకొండున్నరకు పికప్‌లో పొయ్యి ఎక్కింది. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆపి, అక్కడివాళ్ళు ఎడారి పిక్నిక్కులకు కొనుక్కుపోయే బొగ్గు సంచులు నాలుగు వేసుకున్నాం.

పన్నెండున్నరకు నలభై మంది తలలు దువ్వుకుని, అత్తరు పూసుకుని పెరట్లోకి వచ్చారు. అప్పటికి బొగ్గు ఎర్రబడింది. తొడలు జాలీ మీద చిటపటమంటున్నాయి. సార్ స్నానం చేసి కొత్త చొక్కాలో పటకారు పట్టుకుని నిలబడ్డాడు. మస్తాన్ మేడమ్‌ను అడిగి, ఆమె పట్టించిన తియ్యటి మసాలా మీద ఎండుకారం, నిమ్మరసం కొట్టి కడప చేశాడు.

ఆర్మూరు ఆయన ఒకడు పొయ్యి చుట్టూ తిరిగి చూశాడు.

"గిదేనా అమెరికా పొయ్యి? గుళికలు వోస్తె కరెంటుతోని తిరుగుతదన్నరు?"

నేను బొగ్గు సంచి సర్దడం మొదలుపెట్టాను. పక్కనున్న ఇంకొకాయన వంగి మూల దగ్గర మడతను వేలితో తడిమాడు.

"అమెరికా లేదు, గిమెరికా లేదు. ఈ అంచు మడత చూడు. మన లింగన్నది గాదా ఇది?"

అందరూ నా వైపు తిరిగారు. నా మడతను నా వాళ్ళు వేలితో తడిమి గుర్తుపట్టారు! ఆ క్షణంలో నాకు ఎవరైనా ఒక దేశం రాసిస్తామన్నా, తరువాత రండి అనేవాణ్ణి. మస్తాన్‌కు మాత్రం నా గర్వం ఎక్కువసేపు ఉండటం ఇష్టం లేదు. పొద్దున జరిగిందంతా పిండి రోలుతో సహా విప్పి చెప్పాడు. నలభై మంది నవ్వితే కోడి తొడలు కూడా జాలీ మీద ఎగిరాయి.

అంతలో ఆకాశం బిందె బోర్లించింది.

"పొయ్యి! పొయ్యి!" అని అందరూ అరిచారు. నెల కిందట మడిచి పక్కన పడేసిన పట్టాను నేనే లాక్కొచ్చాను. నాలుగు మూలలు నలుగురం పట్టుకుని, చేతులు పైకెత్తి పొయ్యి మీద పందిరిలా నిలబడ్డాం. ఒక మూల నేను, ఎదురు మూల ఆరున్నర అడుగుల సార్. ఆయన పొడుగు వల్ల పట్టా నా వైపు వాలి, వాన నీళ్ళన్నీ తిన్నగా నా ఇస్త్రీ చొక్కా మీదికే దిగాయి. పైనుంచి చుక్క పడలేదు. పొగ నాలుగు పక్కల నుంచీ హాయిగా బయటికి పోతోంది. బొగ్గు ఇంకా ఎర్రగా వెలిగింది.

సార్ పొగలోంచి నన్ను చూశాడు.

"బ్రీతింగ్, లింగయ్యా."

"బ్రీతింగ్, సార్," అన్నాను దగ్గుతూ.

ఆ తరువాత రెండు వారాలు డ్యూటీ దిగాక సార్, నేను పెరట్లో చాపలు వేసుకుని కూర్చుని, ఆ అమెరికా పొయ్యి స్క్రూలోంచి గట్టిపడ్డ గుళికలను ఉలితో గోరుముద్దలంత ముక్కలుగా తవ్వి తీశాం. విరిగిన పిన్ను మార్చాం, తుప్పు గీకి నూనె రాశాం. అది మళ్ళీ తిరిగింది. దానికి నేను ఒక పందిరి కూడా కట్టాను. వాలుగా రేకు కప్పు, నాలుగు కాళ్ళు, నాలుగు పక్కలా ఖాళీ, నేల నుంచి జానెడు ఎత్తున దిమ్మె. పొయ్యి చల్లారాకే కప్పే వదులు తొడుగు, కింద గాలి ఆడేలా. గుళికలు మాత్రం బిగుతు మూత బకెట్లో, ఇంట్లో. ఇరుగుపొరుగు అమెరికన్లు వచ్చి చూసి, కొలతలు రాసుకుని పోయారు. అలాంటి పందిళ్ళు ఆ వీధిలో ఆరు వేశాను. మొదటిది నేను ఎందుకు వేయాల్సి వచ్చిందో వాళ్ళెవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఒకరోజు సార్ నన్ను ఆఫీసుకు పిలిచి, పై మేనేజరుకు రాసిన కాగితం చేతిలో పెట్టాడు. మస్తాన్ పికప్ పక్కన నిలబడి చదివాడు.

"'ఈ మనిషి మూడు గంటల్లో వట్టి రేకుతో పొయ్యి చేసి నలభై మందికి అన్నం పెట్టినాడు. రేకు షాపు ఫోర్‌మన్ పనికి ఇంతకంటే మంచోడు దొరకడు' అని రాసినాడప్పా!"

నేను అతని భుజం మీంచి కాగితంలోకి తొంగి చూశాను. "ఇంకొక లైను ఉన్నది గద భాయ్, కింద?"

"ఉంది లే."

"చదువు."

"మనకెందుకులే అన్నా."

"చదువవయ్యా!"

మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. "'కానీ నీళ్ళ పైపు మాత్రం ఈయనకు అందేటట్టు పెట్టొద్దండి.'"

ఫోర్‌మన్ అయ్యాను. పద్నాలుగేళ్ళు చేశాను. చేరిన మొదటి రోజు చూస్తే షాపులోని నీళ్ళ పైపును అన్నిటికంటే పై అరలో పెట్టి, తాళం వేసి ఉంచారు. ఆ తాళంచెవి నేను ఉన్నన్నాళ్ళూ మస్తాన్ దగ్గరే ఉంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కోరుట్ల నుంచి రాస్ తనూరా దాకా ఉన్న రేకులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి పొయ్యినీ అడక్కుండా కడగను. అడిగినా కడగను. ఏ వస్తువునైనా కప్పమంటే, దానికి ఊపిరాడాలా అని ముందు అడుగుతాను. ఆడాలంటే రోజుకు ఎన్నిసార్లు, ఏ వైపు నుంచి అని వివరంగా రాయించుకుని, సంతకం పెట్టించుకున్నాకే టేపు చుట్టమీద చెయ్యి వేస్తాను.